హోటల్ సమీక్షల్లో గ్లూటెన్ సంగతీ రాయండి

ఎడిటర్ గారికి,

హోటళ్ల మీద పత్రికల్లో వచ్చే సమీక్షల్లో రుచి, ధర, వడ్డన అన్నీ ఉంటాయి. సీలియాక్ వ్యాధి, అంటే గ్లూటెన్ తింటే పేగు దెబ్బతినే జబ్బు, ఉన్నవాళ్లకు కావాల్సిన సమాచారమే ఉండదు. ఆ వంటగదిలో గోధుమపిండి దేనికి తగులుతోందన్నది ఎవరూ రాయరు. పెద్ద నగరంలో ఆఫీసు చుట్టూ ఎన్ని హోటళ్లున్నా వీళ్లు రోజూ ఇంటి నుంచే డబ్బా తెచ్చుకోవాల్సి రావడం అన్యాయం.

గ్లూటెన్ అంటే గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే ప్రొటీన్. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం ప్రకారం కిలో ఆహారంలో అది 20 మిల్లీగ్రాములు దాటకపోతేనే గ్లూటెన్ ఫ్రీ అనాలి. రోజు మొత్తంలో 10 మిల్లీగ్రాముల లోపు పడితే చాలామంది సీలియాక్ రోగుల పేగులకు హాని జరగదని అంచనా. ఒక బ్రెడ్ స్లైసులోనే సుమారు 2 గ్రాములుంటుంది. అంటే అందులో రెండొందలో వంతుతోనే ఆ హద్దు అయిపోతుంది. సలాడ్ మీద వేసిన బ్రెడ్ ముక్కలు ఏరేసి అదే ప్లేటు మళ్లీ తెచ్చిస్తే తినకూడదనేది ఇందుకే.

ఎక్కువగా దెబ్బతీసేది ఫ్రయర్. బంగాళదుంపలో గ్లూటెన్ లేదు, ఫ్రైస్ తినొచ్చనుకుంటాం. అదే నూనెలో అంతకుముందు బ్రెడ్ పొడి అద్దిన చికెన్ వేయించి ఉంటే, రాలిన పొడి నూనెలో తేలుతూ ఫ్రైస్‌కి పట్టేస్తుంది. ఎంత మరిగినా గ్లూటెన్ పోదు. పాస్తా ఉడికించిన నీళ్లు, దాన్ని వార్చిన చిల్లుల గిన్నె, టోస్టర్, చెక్క కటింగ్ బోర్డు కూడా ఇంతే. శానిటైజర్ రాసుకున్నంత మాత్రాన చేతులకున్న పిండి వదలదు, సబ్బుతో కడగాల్సిందే. పిజ్జా పిండి పిసికే చోట గాలిలో లేచిన పొడి పక్క గిన్నెల్లో పడుతుంది కాబట్టి అలాంటి వంటగదిని వదిలేయడమే మేలు.

కంటికి కనపడనివి సాసులు. మామూలు సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది, మాల్ట్ వెనిగర్ బార్లీతో చేస్తారు. సూపు చిక్కబడటానికి మైదా కలుపుతారు. గ్రిల్ చేసిన మాంసం అడిగేటప్పుడు దేంట్లో నానబెట్టారో కూడా అడగాలి.

ఆఫీసు నుంచి పది నిమిషాల నడకలో ఉన్న నాలుగైదు చోట్లు ఎంచుకుని, మధ్యాహ్నం రద్దీ తగ్గాక ఫోన్ చేసి వంట మాస్టర్‌తోనే మాట్లాడాలి. ‘గ్లూటెన్ ఫ్రీ ఉందా?’ అంటే ఉందనేస్తారు. ‘ఫ్రైస్ వేయించే నూనెలో ఇంకేం వేయిస్తారు? సోయా సాస్ డబ్బా మీద ఏం రాసి ఉంది? నాకోసం వేరే పెనం పెడతారా?’ అని అడిగితే జవాబు చెప్పే తీరులోనే సగం తెలుస్తుంది. డబ్బా చూసి చెబుతానన్నవాళ్లను నమ్మొచ్చు. డెలివరీ యాప్‌లో రాసే సూచన మాత్రం వంటవాడి దాకా చేరుతుందన్న భరోసా లేదు. బఫేలో గరిటెలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి మారిపోతుంటాయి, అటు వెళ్లకపోవడమే మంచిది.

తిన్నాక ఏమీ కాలేదు కదా అని నిశ్చింతగా ఉండకూడదు. కొందరికి బయటికి ఏ లక్షణమూ లేకుండానే పేగు దెబ్బతింటుంది. అందుకే ముందుగా తెలియడం అంత ముఖ్యం.

మీ సమీక్షకులు ప్రతి హోటల్లో మూడు విషయాలు అడిగి రాయాలని కోరుతున్నాం: ఫ్రయర్ వేరుగా ఉందా, సాసుల్లో గోధుమ ఉందా, అడిగితే విడిగా వండుతారా. సరుకు తెచ్చే కంపెనీ మారినా, వంట మాస్టర్ మారినా జవాబులు మారిపోతాయి కనుక అడిగిన తేదీ కూడా పక్కన వేయండి.

ఇట్లు,
కొందరు పాఠకులు