ఏ సస్పెన్షనూ మింగలేని గడ్డలు

సంపాదకులకు,

కార్ల షోరూముల్లో ‘యాక్టివ్ సస్పెన్షన్’ (రోడ్డు కుదుపులను బట్టి తనంతట తానే సర్దుకునే స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ల ఏర్పాటు) అన్న మాట మరీ చవకైపోయింది. అది ఉంది కదా అని స్పీడ్ బ్రేకర్ దగ్గర వేగం తగ్గించనివారూ ఉన్నారు. నిజానికి అమ్ముడుపోయేవాటిలో ఎక్కువ సెమీ యాక్టివ్ రకమే. షాక్ అబ్జార్బర్‌లో నూనె వెళ్లే దారిని వాల్వుతో బిగిస్తుంది, వదులుతుంది. కొన్నింట్లో ఇనుప రజను కలిపిన నూనెను అయస్కాంతంతో చిక్కబరుస్తుంది. అంతే. చక్రాన్ని పైకి లాగడం దానివల్ల కాదు. అసలైన యాక్టివ్‌లో పంపో మోటారో బలం ఇవ్వాలి. 1999లో మెర్సిడెస్ తెచ్చిన ఏబీసీ (యాక్టివ్ బాడీ కంట్రోల్)లో సుమారు 200 బార్ల ఒత్తిడితో నూనె వచ్చి స్ప్రింగు మీది ప్లంజరును నెడుతుంది.

అదైనా సెకనుకు 5 ఊపుల లోపు కదలికలనే అదుపు చేస్తుంది: మలుపులో ఒరగడం, బ్రేకేస్తే ముక్కు వంగడం. చక్రం దడదడలాడేది సెకనుకు 10, 12 సార్లు. ఆ దెబ్బ కాచుకోవాల్సింది టైరూ మామూలు షాక్ అబ్జార్బరే.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ఐఆర్‌సీ 99లోని నమూనా హంప్ (స్పీడ్ బ్రేకర్) వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాన్ని దాటడానికి అర సెకను పైనే పడుతుంది. మన కడప పల్లెల్లో ప్రమాదం జరిగిన మర్నాడు పోసే కాంక్రీటు కట్ట ఒక అడుగు వెడల్పుంటే గొప్ప. అదే వేగంలో చక్రం దాన్ని 0.04 సెకన్లలో దాటేస్తుంది. ఆలోపు వాల్వు తెరుచుకున్నా, చక్రాన్ని ఎత్తేంత నూనె చేరదు. ఇక దెబ్బంతా స్ట్రట్ మౌంటుకూ (షాక్ అబ్జార్బర్ పైకొసను బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మె) లోయర్ ఆర్మ్ బుష్‌కూ (చక్రాన్ని పట్టుకునే కింది చేతి కీలులోని రబ్బరు), గట్టిగా తగిలితే రిమ్ముకూ.

స్ప్రింగుల బదులు గాలి నింపిన రబ్బరు ఎయిర్ బెలూన్లున్న కార్లకు ఎర్రగుంట్ల వైపు నాపరాళ్ల దుమ్ము అదనపు బెడద. మడతల్లో చేరి రబ్బరును ఒరిపేస్తుంది. అప్పుడప్పుడూ నీళ్లతో కడగాలి. పొద్దునకల్లా కారు ఒకపక్క కూర్చుంటే బెలూను మీద, పైపు జాయింట్ల మీద సబ్బునీళ్లు పోసి బుడగలు చూడండి. లీకు వదిలేస్తే బెలూన్లలో గాలి నింపే కంప్రెసర్ ఆగకుండా తిరిగి కాలిపోతుంది. ఇంకొకటి: జాక్ మోడ్ (కారు ఎత్తేటప్పుడు సస్పెన్షన్ తనంతట తాను సర్దుకోకుండా ఆపే సెట్టింగు) పెట్టకుండా కారు ఎత్తకండి, స్టాండ్లు లేకుండా కిందికి దూరకండి.

పంచాయతీలకు, ఆర్ అండ్ బీ వారికి ఒక మనవి. పైన చెప్పిన ఐఆర్‌సీ హంప్ 17 మీటర్ల వ్యాసార్ధం గల వృత్తంలో ఒక ముక్క. నడుమ 10 సెంటీమీటర్లు, అంచుకూ నడుమకూ సరిగ్గా మధ్యలో 7.5, అంచున సున్నా. ఈ కొలతలతో ప్లైవుడ్ ఫర్మా ఒకటి కోయించి పెట్టుకుంటే మేస్త్రీ కంటి అంచనాతో పోయాల్సిన పనుండదు.

– ఒక ఆటోమొబైల్ ఇంజినీర్, కడప