పాత రేసు సైకిలుకు చక్రాలు కొనే ముందు

మిత్రులకు నమస్కారం. ఇటలీలోని టస్కనీలో మట్టి దారుల మీద జరిగే పాత సైకిళ్ల యాత్ర ఎరోయికా కోసం 1970ల నాటి ఇటలీ సైకిలును సిద్ధం చేస్తున్నవారు చక్రాల గురించి అడిగారు. అక్కడి నియమం తేలికే: సైకిలు 1987కు ముందుది, రిమ్ము లోతు 20 మి.మీ. లోపు, స్పోకులు కనీసం 32. నా ఓటు మాత్రం 36కే. ఆ మట్టి దారిలో ఒక స్పోకు తెగినా ఇంటికి చేరవచ్చు.

డబ్బు తీసే ముందు ఫ్రేములో వెనుక చక్రం కూర్చునే చోటు వెడల్పును స్కేలుతో కొలవండి. వెనుక ఐదు గేర్ల కాలానిదైతే సాధారణంగా 120 మి.మీ., ఆరు గేర్లదైతే 126. తర్వాతి కాలపు 130 మి.మీ. హబ్బును (చక్రం నడిమి భాగం) ఫ్రేము సాగదీసి ఇరికించేవారున్నారు. నాకు మాత్రం చేతులు రావు.

హబ్బు ఇటలీ కంపెనీ కాంపాగ్నోలో వారి రికార్డు రకం అయితే మరో ఆలోచన వద్దు. ఇరుసును రెండు వేళ్లతో మెల్లగా తిప్పండి. లోపల ఇసుక నలిగినట్టు తగిలితే కోన్లు (బేరింగు గోళీలు ఆనే ముక్కలు) అరిగాయని అనుమానించండి, ధర తగ్గించమనండి.

టైర్లా? ఆ కాలపు రేసులకు జిగురుతో అంటించే ట్యూబులర్లే సరైనవి. కానీ దారి పక్కన కూర్చుని జిగురు పూసే ఓపిక నాకు లేదు. అందుకే నా సైకిలుకు జిగురు అక్కర్లేని మామూలు టైర్లు పట్టే 1980ల మావిక్ ఎంఏ2 రిమ్ములు వేశాను. వెండి రంగువి, పది అడుగుల దూరం నుంచి తేడా కనిపించదు. పక్కా సంప్రదాయవాదులు క్షమించాలి.