పొగాకు వేలం కేంద్రం దగ్గర వీలునామా క్యాంపు పెట్టండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది కొండపి దగ్గర పల్లెటూరు, పొగాకు వ్యవసాయం. మా నాయన పోయి మూడేళ్ళయింది, ఆయన పేరు మీద బ్యాంకులో ఉన్న ఫిక్సెడ్ డిపాజిట్ డబ్బు మా చేతికొచ్చింది మాత్రం మొన్న సంక్రాంతికి. మధ్యలో మేం తిరిగిన తిరుగుడు ఇంకో ఇంటికి రాకూడదని రాస్తున్నా, కొంచెం పొడుగైనా వేసుకోండి.

నాయన వీలునామా రాయలేదు. మేమూ అడగలేదు, బతికున్న మనిషిని పట్టుకుని నీ తర్వాత ఎవరికేంది అంటే చావు కోరుకున్నట్టే అనుకుంటాం మన వైపు, అమ్మ ఒకసారి ఆ మాట ఎత్తితే మా పెద్దమ్మ అపశకునం మాటలొద్దని కసురుకుంది. డిపాజిట్‌కి నామినీ కూడా లేదు. తహసీల్దార్ ఆఫీసులో ఇచ్చిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ పట్టుకెళ్తే చాలనుకున్నాం, ఇంత మొత్తానికి అది చాలదు కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్, అంటే ఆ డబ్బుకి వారసులు మేమేనని కోర్టు ఇచ్చే కాగితం తెమ్మన్నారు. ఇంక అక్కడి నుంచి లాయరు, పిటిషను, డబ్బు మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు, ఎవరికన్నా అభ్యంతరముంటే చెప్పమని పేపర్లో ప్రకటన, దానికో గడువు, ఆ తర్వాత వాయిదాలు. మా అక్క హైదరాబాదులో ఉంటది, రమ్మన్నప్పుడల్లా సెలవు పెట్టి రాత్రి బస్సెక్కి వచ్చేది. మాకు గొడవల్లేవు, అమ్మా అక్కా నేనూ ఒకే మాట మీదున్నాం, అయినా ఇంత కాలం పట్టింది. ఆ రెండు సీజన్లూ పొగాకు కాల్చే బ్యారన్ కట్టెలకి, కూలీలకి బయట వడ్డీకి తెచ్చాం, మా నాయన కష్టపడి దాచిన డబ్బేమో బ్యాంకులోనే పడుంది. అది తల్చుకుంటే ఇప్పటికీ కడుపు మండుద్ది.

ఈ తిరుగుళ్ళలో తెలుసుకున్నవి నలుగురికీ చెప్పాలి. వీలునామా రాసినా మళ్ళీ కోర్టులో ప్రొబేట్ అని ఏదో ఉంటదంట, ఇంకెందుకు రాయడం అనేవాళ్ళున్నారు. ప్రొబేట్ అంటే ఆ వీలునామా అసలైందేనని కోర్టు చేత ధ్రువీకరించుకోవడం. 1925 నాటి వారసత్వ చట్టం దాన్ని తప్పనిసరి చేసింది మద్రాసు, బొంబాయి, కలకత్తా లాంటి చోట్లకే, ఆ నియమాన్నీ 2025 డిసెంబర్‌లో తీసేశారు, మన ఒంగోలులోనో నెల్లూరులోనో రాసుకుని ఇక్కడి ఆస్తికి పెట్టుకున్న వీలునామాకి అది తప్పనిసరి కాదు.

రాయడం కూడా పెద్ద పనేం కాదండీ. తెల్లకాగితం చాలు, స్టాంపు పేపరు అక్కర్లేదు, ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టాలి, వాళ్ళూ పెట్టాలి. రేపు పేచీ వస్తే కోర్టుకొచ్చి చెప్పాల్సింది ఆ సాక్షులే కాబట్టి మన కంటే వయసులో చిన్నవాళ్ళని, ఆస్తిలో వాటా రానివాళ్ళని పెట్టుకోవడం మేలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించుకుంటే కాగితం పోద్దనే భయం ఉండదు. మనసు మారితే మళ్ళీ రాసుకోవచ్చు, చివరగా రాసిందే చెల్లుద్ది. పిత్రార్జితం అయితే తన వాటా వరకే రాయగలడు, అందులో కూతుళ్ళకీ కొడుకులతో సమాన హక్కని హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ చెప్పింది, 2005 కంటే ముందే తండ్రి పోయినా ఆ హక్కు ఉందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అసలు ఏమీ రాయకుండా పోతే హిందువుల్లో భార్య, పిల్లలతో పాటు పోయినాయన తల్లి కూడా సమాన వారసురాలు, ఈ ముసలమ్మ సంతకం మర్చిపోయి ఆగిపోయిన పంపకాలు నేను చూశాను.

నామినీ గురించి ఇంకా పొరపాటు పడుతున్నారు. నామినీ అంటే డబ్బు తీసుకునే మనిషి, అంతేగానీ అది ఆయన సొంతం అయిపోదు, వారసులకి చెందాల్సిందే, కంపెనీ షేర్ల విషయంలో 2023 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు మళ్ళీ అదే చెప్పింది. అయినా నామినీ ఉంటే కనీసం బ్యాంకు పని ఆగదు. 2025 నవంబర్ నుంచి ఒక డిపాజిట్‌కి నలుగురిని పెట్టుకోవచ్చు, ఇది మా ఊళ్ళో ఒక్కరికీ తెలీదు.

కొందరు బతికుండగానే ఆస్తి పిల్లల పేరు మీదకి మారిపోయేట్టు సెటిల్‌మెంట్ దస్తావేజు రాసిచ్చేస్తున్నారు. మా పక్క ఊళ్ళో ఒక పెద్దాయన అట్లానే ఉన్న నాలుగెకరాలూ రాసిచ్చి ఇప్పుడు గుళ్ళో అన్నం తింటున్నాడు. రాసిస్తే మమ్మల్ని చూసుకోవాలనే షరతు దస్తావేజులోనే ఉండాలి, అప్పుడు చూడకపోతే తల్లిదండ్రుల, ముసలివాళ్ళ పోషణ కోసం వచ్చిన 2007 చట్టం కింద ఆర్డీవో గారి దగ్గరికెళ్ళి రద్దు చేయించుకునే దారి ఉంటది.

అధికారులకి నా విన్నపం. వేలం రోజుల్లో కొండపి, టంగుటూరు కేంద్రాల దగ్గర బేళ్ళు పెట్టుకుని రైతులంతా ఒకేచోట ఉంటారు, అక్కడ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వాళ్ళు ఒక టెంటు వేసి వీలునామా ఎట్లా రాయాలో చెప్తే చాలు. ఆ సంస్థలో ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారని కూడా చెప్పండి. అట్లాగే సచివాలయంలో డెత్ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడే బ్యాంకుకి ఏ కాగితం, పొలం మ్యుటేషన్‌కి, అంటే రికార్డుల్లో పేరు మార్చడానికి ఏ కాగితం, ఏది ఎక్కడ దొరుకుద్దో ఒక పేజీ తెలుగులో ప్రింటు తీసి చేతిలో పెట్టండి.

మీ పేపర్ వాళ్ళని అడిగేది ఒకటే, ఎవరన్నా మంచి లాయరు చేత వీలునామా నమూనా ఒకటి రాయించి ఆదివారం వెయ్యండి. ఆ రోజు పాతిక కాపీలు కొని మా చుట్టుపక్కల బ్యారన్ల దగ్గర నేనే పంచుతా.

ఇట్లు,
ఒక పొగాకు రైతు, కొండపి మండలం, ప్రకాశం జిల్లా