మోటారు మార్చే ముందు గేటును చేత్తో తోసి చూడండి

విశాఖలో మన దగ్గర గేటు మోటార్లు, షట్టర్ మోటార్లు, గ్యారేజీ డోర్ ఓపెనర్లు పెట్టించుకున్న అందరికీ నమస్కారం. వర్షాలు మొదలైన దగ్గర్నుంచి ఫోన్‌లోనూ వాట్సాప్‌లోనూ ఒకటే ప్రశ్న ఎక్కువగా వస్తోంది: "మోటారు మొరాయిస్తోంది. రిపేర్ చేయించాలా, కొత్తది పెట్టించాలా?" ఫోన్‌లో ఒక్క ముక్కలో తేలే విషయం కాదు. అందుకే మేం దీన్ని ఎలా తేలుస్తామో, ఇకపై మా పనిలో ఏం మారుస్తున్నామో రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను. కొత్త మోటారు అమ్మితే మాకు మిగిలేది ఎక్కువ. రిపేర్‌లో మిగిలేది తక్కువ, నెల తిరక్కుండా ఇంకో పార్టు పోతే మాట పడేదీ మేమే. కాబట్టి ఈ పనిలో ఉన్నవాళ్లకి "ఇది అయిపోయిందండీ, మార్చేయండి" అనడం చాలా సులువు. మా కుర్రాళ్లతో సహా ఎవరు ఆ మాట అన్నా మీరు ఒక్కటి అడగండి: "మోటారు నుంచి గేటును విడదీసి చూశారా?"

ఎందుకంటే మోటారు పోయిందని పిలిచిన చాలా ఇళ్లలో అసలు జబ్బు గేటుది. స్లైడింగ్ గేటు మోటారుకి పక్కన తాళంచెవి పెట్టే చోటు ఉంటుంది. అది తిప్పితే గేరు విడిపోయి గేటు చేతికి వస్తుంది. అప్పుడు ఈ కొస నుంచి ఆ కొసకి తోసి చూడండి. ఒంటి చేత్తో సాఫీగా నడిచిందంటే గేటు బాగున్నట్టే. మధ్యలో పట్టేసినా, గీరుకున్న చప్పుడు వచ్చినా చక్రాల బేరింగులు తుప్పు పట్టి ఉంటాయి, లేదా పట్టాలో ఇసుకా చిన్న రాళ్లూ చేరి ఉంటాయి. ఆ బరువంతా మోటారు ఏళ్ల తరబడి ఈడ్చుకొస్తోంది. లోపలి గేరు పళ్లు అరగడం, మోటారు వేడెక్కి ఆగిపోయి అరగంట తర్వాత మళ్లీ నడవడం, అన్నీ దాని వల్లే. అలాంటి గేటుకి కొత్త మోటారు బిగించడమంటే, ఇరుసుకి కందెన వేయకుండా ఎద్దును మార్చి అదే బండికి కట్టడమే.

పైకి లేచే గ్యారేజీ డోర్ సంగతి వేరు. అక్కడ తలుపు బరువు మోసేది పైనున్న స్ప్రింగు, ఓపెనర్ కాదు. ఓపెనర్ని విడదీసి తలుపును సగం ఎత్తు వరకు లేపి నెమ్మదిగా చెయ్యి వదలండి. అక్కడే నిలబడితే స్ప్రింగు బాగుంది. కిందికి జారుతుంటే స్ప్రింగు బలం తగ్గింది. మామూలు స్ప్రింగులు సుమారు 10,000 సార్లు తెరిచి మూయడానికి తయారుచేస్తారు. రోజుకి నాలుగుసార్లు వాడే ఇంట్లో అది ఏడేళ్ల లోపే అయిపోతుంది. స్ప్రింగు మార్చాల్సిన చోట మోటారు మార్చి ఉపయోగం లేదు. ఆ స్ప్రింగును మాత్రం మీరు విప్పకండి. అందులో బిగిసి ఉన్న బలం చేతి ఎముకలు విరగ్గొడుతుంది.

గాజువాక, ఆటోనగర్ గోడౌన్లకి పెట్టే సైడ్ మోటారు షట్టర్లలో చాలావాటికి స్ప్రింగే ఉండదు. బరువంతా మోటారు, గొలుసు, బ్రేకు మీదే. ఆపిన చోట షట్టర్ నిలవకుండా కొద్దికొద్దిగా దిగుతుంటే బ్రేకు అరిగిందని అర్థం. అప్పుడు ఆ షట్టర్ కింద ఎవరూ నిలబడకూడదు. ముందు వాడకం ఆపండి, తర్వాత మాకు ఫోన్ చేయండి.

ఇక గేటు బాగానే ఉండి మోటారు మొండికేస్తే, చాలాసార్లు చిన్న ఖర్చుతోనే సరిపోతుంది. గుయ్ అని చప్పుడు చేస్తూ కదలకుండా, చేత్తో కాస్త సాయం పడితేనే కదులుతుంటే, ముందు కెపాసిటర్ని, అంటే మోటారు తిరగడం మొదలుపెట్టడానికి ఊపునిచ్చే చిన్న పార్టును అనుమానిస్తాం. తెరుచుకుంటోంది గానీ మూసుకోవడం లేదంటే ఫోటోసెల్ కళ్ల మీద, అంటే గేటుకి ఏదైనా అడ్డం వస్తే పసిగట్టే సెన్సర్ల మీద దుమ్మో సాలెగూడో ఉండొచ్చు. మెత్తని గుడ్డతో తుడిచి చూడండి, మమ్మల్ని పిలవాల్సిన పనే ఉండకపోవచ్చు. రిమోట్ దగ్గరికొస్తే తప్ప పనిచేయకపోతే ముందు దాని బ్యాటరీ మార్చండి. మోటారు పెట్టెలోకి వైర్లు వెళ్లే కంత తెరిచి ఉంచితే బల్లులు, చీమలు లోపలికి చేరి మోటారును నడిపే సర్క్యూట్ బోర్డు షార్ట్ అవుతుంది. ఆ కంతను సీల్ చేయడానికి అయ్యే ఖర్చు బోర్డు ధర ముందు ఏ మూలకీ రాదు.

ఇంతవరకు ఏ ఊళ్లోనైనా ఒకటే. విశాఖలో మాత్రం ఇంకో లెక్క ఉంది, అది ఉప్పుగాలి. అమెరికాలో ఉన్న పిల్లలు వీడియో కాల్‌లో "ఇక్కడ ఓపెనర్‌ని పది పదిహేనేళ్లకి మార్చేస్తారు, మనది కూడా మార్చేయండి" అని చెప్పారని కొందరు పెద్దవాళ్లు అంటుంటారు. వయసును బట్టి చెప్పే ఆ లెక్క మనకి సరిపోదు. పెందుర్తిలో పదేళ్ల మోటారు మూత తీస్తే లోపల శుభ్రంగా ఉండొచ్చు. సాగర్ నగర్‌లోనో రుషికొండలోనో సముద్రానికి ఎదురుగా ఉన్న ఇంట్లో నాలుగేళ్ల మోటారు బోర్డు మీద రాగి గీతలు పచ్చగా పొంగిపోయి ఉండొచ్చు. ఉప్పు గాల్లోని తేమను లాక్కుని పట్టి ఉంచుతుంది కాబట్టి వాన లేని రోజున కూడా తుప్పు ఆగదు. అందుకే నేను మోటారు వయసు కంటే ముందు అది ఉన్న వీధి అడుగుతాను.

బీచ్ రోడ్డు, లాసన్స్‌బే, భీమిలి వైపు ఉన్నవాళ్లకి నా సలహా: మోటారు ఏదైనా సరే, బోల్టులు, చక్రాల ఇరుసులు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీల్‌వి వేయించండి. అందులో మాలిబ్డినం కలుస్తుంది కాబట్టి మామూలు 304 కంటే ఉప్పును బాగా తట్టుకుంటుంది. గేటును, పట్టాను అప్పుడప్పుడు మంచినీళ్లతో కడగండి. నీళ్లు మోటారు పెట్టె మీద మాత్రం కొట్టకండి. ర్యాక్ (గేటు పొడవునా బిగించిన పళ్ల పట్టీ) పళ్లకి గ్రీజు పూయకండి. ఇసుక దానికి అంటుకుని పళ్లను అరగదీస్తుంది.

మార్చేయమని నేనే చెప్పే సందర్భాలూ ఉన్నాయి. తుప్పు మోటారు బాడీని, గేరు షాఫ్టును తినేస్తే రిపేర్ డబ్బులు వృథా. బోర్డు పోయి, ఆ మోడల్ బోర్డు కంపెనీ ఆపేసి ఉంటే, బజార్లో దొరికే ఏదో ఒక బోర్డు తెచ్చి అతికించడం మాకు ఇష్టం లేదు. రిపేర్ ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటిందంటే కూడా ఆలోచించాల్సిందే.

అన్నిటికంటే గట్టిగా చెప్పేది మాత్రం వేరే. అడ్డం వచ్చినా ఆగని మోటారు ఎంత బాగా నడుస్తున్నా మార్చండి. అమెరికాలో 1993 నుంచి తయారయ్యే ఇళ్ల ఓపెనర్లకి, అడ్డం తగిలితే తలుపు వెనక్కి వెళ్లడంతో పాటు ఫోటోసెల్ లాంటి రెండో రక్షణ కూడా తప్పనిసరి చేశారు. తలుపుల కింద పడి పిల్లలు చనిపోయిన తర్వాత వచ్చిన నియమం అది. మన ఇళ్లలో కూడా గేటు దగ్గరే పిల్లలు ఆడతారు, వాచ్‌మన్ పిల్లలు గేటు పట్టుకుని వేలాడతారు. "ఆ సెన్సర్ మాటిమాటికీ ఆపేస్తోంది, తీసేసి డైరెక్ట్ చేసేయండి" అని అడిగేవాళ్లకి ఒకటే జవాబు: మేం చేయం. సెన్సర్ ఎందుకు ఆపుతోందో కనిపెట్టి బాగుచేస్తాం. దానివల్ల మీరు వేరేవాళ్ల దగ్గరికి వెళ్లినా సరే.

ఈ నెల నుంచి మా దగ్గర ఇవి మారుతున్నాయి. మా మనిషి వచ్చి చూసినప్పుడు ముందు గేటును చేత్తో నడిపి, ఆ వీడియో మీకు పంపుతాడు. ఆ తర్వాతే మోటారు మాట. రిపేర్‌కి, కొత్తదానికి రెండు ధరలూ ఒకే కాగితం మీద రాసి ఇస్తాం. మార్చిన పాత పార్టులు మీ చేతికే ఇస్తాం. చూసినందుకు తీసుకునే చార్జి మీరు ఏది చేయించుకున్నా బిల్లులో తగ్గిస్తాం, ఏదీ వద్దంటే మాత్రం తిరిగి ఇవ్వలేం. అవసరం లేని మోటారు మార్చి ఆ చార్జి పూడ్చుకోవడం నాకు ఇష్టం లేదు, అందుకే దీన్ని విడిగా తీసుకుంటున్నాను.

తుపాను రోజులు దగ్గర పడుతున్నాయి కాబట్టి ఒక పని ఇప్పుడే చేసుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ దాటాక మన ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు కారు బయటికి రావాలంటే మోటారును విడదీసే తాళంచెవి ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి. పోయి ఉంటే మోటారు మీద అంటించిన స్టిక్కర్‌ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపండి, మోడల్ చూసి తాళంచెవి తెప్పిస్తాం. బ్యాటరీ ఉన్న మోటార్లవాళ్లు కూడా ఒకసారి మెయిన్ ఆపి గేటు తెరుచుకుంటుందో లేదో చూడండి. ఆ బ్యాటరీలు సాధారణంగా మూడు నాలుగేళ్లకి మించి నిలవవు.