లంబసింగికీ తునికీ ఒకే రంగా?

సంపాదకులకు నమస్కారం.

చలికాలం రాగానే పత్రికల్లో దేశ ఉష్ణోగ్రతల పటాలు గడులు గడులుగా, రంగురంగులుగా దర్శనమిస్తాయి. వాటిని నేను తప్పుపట్టడం లేదు. పుణెలోని భారత వాతావరణ శాఖ కార్యాలయం 1901 నుంచి రోజువారీ వర్షపాతాన్ని అక్షాంశ రేఖాంశాల కొలతలో పావు డిగ్రీ గడులుగా, 1951 నుంచి రోజువారీ ఉష్ణోగ్రతలను ఒక డిగ్రీ గడులుగా సిద్ధం చేసి, ఎవరైనా ఉచితంగా తీసుకొనేలా అందుబాటులో ఉంచడం నిజంగా గొప్ప సేవ. అయితే గడిలోని అంకె అక్కడే కొలిచినది కాదనీ, చుట్టుపక్కల వాతావరణ కేంద్రాల కొలతల్లో దగ్గరివాటికి ఎక్కువ, దూరపువాటికి తక్కువ ప్రాధాన్యమిచ్చి కట్టిన అంచనా అనీ పటం చూసే పాఠకుడికి తెలిసే వీలు లేదు.

మా ప్రాంతం సంగతే చూడండి. 17, 18 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య, 82, 83 డిగ్రీల తూర్పు రేఖాంశాల మధ్య ఉన్న ఒక్క గడిలోనే సముద్రానికి దగ్గరగా ఉన్న తుని, మైదానంలోని మా నర్సీపట్నం, సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగి మూడూ ఇమిడిపోతాయి. జనవరిలో తెల్లవారుజామున మా బస్టాండులో పలుచని దుప్పటి కప్పుకొని నిలబడగలం. డౌనూరు దాటి ఘాట్ ఎక్కేసరికి స్వెట్టరు మీద మఫ్లరు చుట్టుకున్నా వణుకు ఆగదు. కిలోమీటరు ఎత్తుకు సగటున ఆరేడు డిగ్రీలు తగ్గుతుందని బడిపిల్లలు చదువుకొనేదే గాని, ఈ లెక్కకట్టే పద్ధతిలో ఎత్తుకు చోటు లేదు. పదకొండు వేల చదరపు కిలోమీటర్లకు పైబడిన ఆ గడికి చివరకు దక్కేది ఒకే రంగు.

వర్షపాతం గడి ఇంతకన్నా చాలా చిన్నదే, అయినా దానిలోనూ ఏడు వందల చదరపు కిలోమీటర్ల పైచిలుకు నేల ఉంటుంది. ఊరి తూర్పు పొలాలు తడిసి పడమటి పొలాలు ఎండిన రోజులు రైతులకు కొత్త కాదు. ఈ పటాల తయారీకి 6,955 వర్షమాపకాల కొలతలు వాడారని ఘనంగా చెప్పుకుంటాం గాని, అవన్నీ 1901 నుంచీ ఏకధాటిగా లెక్కలు పంపినవి కావు. కాబట్టి పాత పటాన్నీ కొత్త పటాన్నీ పక్కపక్కన పెట్టి ఫలానా మన్యం గడిలో వాన తగ్గిందని రాసేముందు, తగ్గింది వానా, లేక లెక్క పంపిన వర్షమాపకాలా అని చూసుకోవడం అవసరం.

తమ పత్రిక ఇలాంటి పటం వేసినప్పుడు గడి కొలతను, ఆ రోజు లెక్కకు అందిన కేంద్రాల సంఖ్యను ఒక మూల చిన్న అక్షరాలతోనైనా ముద్రించాలని, ఒక్క కేంద్రమూ లేని గడులను రంగుతో నింపినా పైన అడ్డగీతలు గీసి వేరుగా చూపాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, నర్సీపట్నం