లడ్డూతో నా నడక

రాజమహేంద్రవరం,
శుక్రవారం సాయంత్రం

ఒరేయ్ సత్యం,

నిన్న నీతో మాట్లాడి ఫోను పెట్టేశాక మీ చెల్లెలు అడిగింది, "అన్నయ్యగారు రిటైరయ్యారా, కొత్త ఉద్యోగంలో చేరారా?" అని. పొద్దున యోగా, పదింటికి అపార్టుమెంటు సంఘం పనులు, మధ్యాహ్నం సంస్కృతం క్లాసు, సాయంత్రం మనవడి లెక్కలు. వీటి మధ్య నాకు పదకొండు నిమిషాలు దొరికాయి. అందులో నాలుగు నీకు తీరిక లేదని చెప్పడానికే సరిపోయాయి.

"కుక్కకు పని లేదు, నిలవడానికి తీరిక లేదు" అని మా నాయనమ్మ నన్ను తిట్టేది. ఆ సామెత కట్టిన మహానుభావుడు కుక్కను దూరం నుంచి చూసి ఉంటాడురా. ఆరు నెలలుగా నేను దగ్గర నుంచి చూస్తున్నాను. ఆ మాట సరిగ్గా నీకూ నాకూ అతుకుతుంది.

అమ్మాయి కంపెనీ పని మీద జర్మనీ వెళ్తూ లడ్డూను మా దగ్గర వదిలిపెట్టిందని చెప్పాను కదా. జాతి కుక్కేమీ కాదు. బెంగళూరులో వాళ్ల వీధిలో వానకు తడుస్తుంటే తెచ్చుకున్న గోధుమరంగు నాటు కుక్క. మా ఇంట్లో కుక్కను గుమ్మం దాటనిచ్చేవాళ్లు కాదని నీకు తెలుసు. ఇప్పుడది నా పడక కుర్చీ కిందే పడుకుంటుంది. కుర్చీ జరపాలంటే దాని అనుమతి కావాలి.

గుండె డాక్టరు నన్ను రోజూ నడవమన్నాడు. అల్లుడు చేతికి ఒక గడియారం కట్టాడు, 10,000 అడుగులు పూర్తయితే అది గిజగిజలాడుతుంది. పూర్తి కాకపోతే రాత్రి పదింటికి హాల్లో అటూ ఇటూ తిరిగి లెక్క సరిచేసేవాణ్ణి. ఇంతకీ ఆ 10,000 ఏ వైద్యుడూ తేల్చిన లెక్క కాదట. 1965లో జపానులో అడుగులు లెక్కపెట్టే ఒక యంత్రాన్ని అమ్మకానికి పెట్టి, దానికి 'మాన్పో-కెయ్' అని పేరు పెట్టారు. అంటే పదివేల అడుగుల మీటరు. సరుకు అమ్ముకోవడానికి పెట్టిన పేరు పట్టుకుని నేను ఇంట్లో గానుగెద్దులా తిరిగాను. నవ్వకు, నీ సంస్కృతం క్లాసుకు హాజరు పట్టీ ఉందని నువ్వే చెప్పావు.

మొదటి వారం లడ్డూతో నాకు రోజూ యుద్ధమే. గొలుసు పట్టుకుని నేను గోదావరి గట్టు వైపు లాగేవాణ్ణి. అది మా వీధి మలుపులో మూడో కరెంటు స్తంభం దగ్గర నాలుగు కాళ్లూ పాతుకుని నిలబడేది. ఒకరోజు విసుగొచ్చి గట్టిగా లాగాను. పక్కనే పూలమ్మే ఆవిడ మాల కడుతూ, తల కూడా ఎత్తకుండా, "ఆలస్యమైతే పింఛను ఆగిపోతుందా బాబుగారూ?" అంది. నా దగ్గర జవాబు లేదు. నిలబడ్డాను.

టీకా వేయించడానికి వెళ్లినప్పుడు ఈ సంగతి చెబితే పశువుల డాక్టరు నాకు చిన్న పాఠం చెప్పాడు. మన ముక్కులో వాసన పట్టే కణాలు 50 లక్షల చిల్లర అయితే, కుక్కకు 20 కోట్ల పైమాటేనట. ముక్కు పక్కన ఆ చీలికలు ఎందుకో తెలుసా? వదిలిన గాలి పక్కకు పోతుంది, ముందున్న వాసన చెదరదు. సెకనుకు అయిదుసార్లు దాకా పీలుస్తుందట. "మీరు లాక్కుపోతే దానికి ఒళ్లు అలుస్తుందే గానీ బుర్రకు మేత దొరకదు" అన్నాడు.

మొన్న రాత్రి వాన పడింది. పొద్దున్నే ఆ స్తంభం మొదట్లో ఒక గరిక పోచ దగ్గర లడ్డూ ఆగింది. నేనూ మోకాళ్లు పట్టుకుని వంగాను. ముక్కు నల్లగా, తడిగా, అంచులు సన్నగా అదురుతున్నాయి. పోచను తాకదు. కింది నుంచి పైకి వచ్చి, కొసన ఆగి, మళ్లీ కిందికి పోతుంది. మీసం మీద నీటిచుక్క ఒకటి నిలిచింది, దాన్ని కూడా పట్టించుకోలేదు. ఎంతసేపని అడుగుతావని తెలుసు. గడియారం చూడలేదురా, నాకే ఆశ్చర్యంగా ఉంది. వంగి ఉండగా సంపెంగ వాసన వచ్చింది. తలెత్తి చూస్తే ఎదురింటి పెరట్లో చెట్టు! పాతికేళ్లుగా ఆ వీధిలోనే తిరుగుతున్నాను.

కుక్కకు నిన్న ఉండదు, రేపు ఉండదు అని నీలాంటి పండితులు అంటారు. నేను నమ్మను. వీధి చివర పచ్చ గేటు ఇంట్లో ఉండే పెద్దావిడ దీనికి రోజూ బిస్కెట్టు పెట్టేది. రెండు నెలల క్రితం కొడుకు వచ్చి తీసుకువెళ్లాడు, ఇంటికి తాళం. లడ్డూ ఇప్పటికీ ఆ గేటు ముందు ఆగుతుంది. సందులోంచి చూస్తుంది, తోక రెండుసార్లు ఆడిస్తుంది, తరవాత కదిలిపోతుంది. మర్చిపోయిందని ఎలా అనను? నేనైతే ఆ ఇంటి ముందు నుంచి ఇల్లు చేరేదాకా, నా కొడుకు నన్ను ఎక్కడికి తీసుకువెళ్తాడో అని ఆలోచిస్తూ నడుస్తాను.

అలాగని దాన్ని రుషిని చేసేయకు. పిల్లి కనిపిస్తే నా భుజం ఊడిపోతుంది. దీపావళికి మంచం కింద దూరి రెండు పూటలు బయటికి రాలేదు. పెరుగన్నం ఆలస్యమైతే గిన్నెను వంటింట్లోకి దొర్లిస్తుంది.

ఇప్పుడు పుష్కరాల రేవు చేరేసరికి ఎండెక్కుతోంది. మెట్ల మీద ఇద్దరం కూర్చుంటాం. పాత హేవ్‌లాక్ వంతెన మీద గూడ్సు బండి పోతుంటే మనం డబ్బాలు లెక్కపెట్టేవాళ్లం, గుర్తుందా? నీ లెక్కకూ నా లెక్కకూ ఎప్పుడూ ఒకటి తేడా వచ్చేది, దాని మీద టీ పందెం. 1997 నుంచి ఆ వంతెన మీద రైళ్లు లేవు. అయినా చూస్తూ కూర్చుంటాను. గడియారం సొరుగులో ఉంది, అల్లుడికి చెప్పకు.

వచ్చే నెల చెల్లెమ్మను తీసుకుని రా. రైలు దిగాక ఆటో ఎక్కి తిన్నగా మా వీధిలోకి వచ్చెయ్. ఆరున్నరకల్లా మేమిద్దరం మూడో స్తంభం దగ్గర ఉంటాం. రైలు గంట ఆలస్యమైనా కంగారు పడకు, అక్కడే ఉంటాం.

నీ
రామం