మార్గరెట్ కజిన్స్ ఇంగ్లండు మనిషి కాదు

సంపాదకుడు గారికి,

ఠాగూర్ మదనపల్లె కాలేజీలో జాతీయగీతం పాడి వినిపించిన సంగతి మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివి వారం దాటింది. మర్నాడో ఆ మర్నాడో మీరే సవరణ వేస్తారని ఎదురుచూశాను. వేయలేదు కాబట్టి రాస్తున్నాను. ఠాగూర్ గారికి అరపేజీ ఇచ్చారు, కాలేజీ భవనం ఫొటో వేశారు, సంతోషం. ఆ పాటకు స్వరాలు రాసిపెట్టిన మనిషికి మాత్రం ఒక్క వాక్యం. 'ప్రిన్సిపాల్ గారి ఇంగ్లండు భార్య సాయంతో' అట. పేరైనా రాయలేదు. రాసిన ఆ ఒక్క ముక్కా తప్పే.

ఆవిడ పేరు మార్గరెట్ కజిన్స్. 1878లో ఐర్లండులో, రాస్‌కామన్ ప్రాంతంలోని బోయిల్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. డబ్లిన్‌లో సంగీతం చదువుకున్నారు. ఆడవాళ్లకు ఓటు కావాలని 1908లో తోటి ఐరిష్ మహిళలతో కలిసి సంఘం పెట్టారు. ఆ పోరాటంలో 1910లో లండన్ హాలోవే జైలుకు వెళ్లారు. 1913లో డబ్లిన్ కోట అద్దాలు పగలగొట్టి టలమోర్ జైలుకు వెళ్లి, తమను రాజకీయ ఖైదీలుగా చూడాలని నిరాహారదీక్ష చేశారు. ఇంగ్లండు ప్రభుత్వం జైల్లో పెట్టిన మనిషిని పట్టుకుని ఇంగ్లండు భార్య అని రాస్తే ఎలాగండీ?

అసలు ఆ దంపతులు మదనపల్లె ఎందుకు వచ్చారో మీ వ్యాసకర్త కనుక్కోలేదు. 1915లో వాళ్లు మద్రాసు వచ్చారు. మార్గరెట్ గారి భర్త జేమ్స్ కజిన్స్ అనీబిసెంట్ గారి 'న్యూ ఇండియా' పత్రికలో పనిచేసేవారు. 1916లో డబ్లిన్‌లో ఇంగ్లండు పాలన మీద ఈస్టర్ తిరుగుబాటు జరిగినప్పుడు దాన్ని మెచ్చుకుంటూ రాసినందుకు ఆ ఉద్యోగం పోయింది. అప్పుడు మదనపల్లె కాలేజీకి పాఠాలు చెప్పడానికి వచ్చారు. అంటే వాళ్లను మన ఊరికి తెచ్చింది వాళ్ల ఐరిష్ అభిమానమే. ఇంత పెద్ద సంగతి వదిలేసి, ఆ కాలేజీ వరండాలో చెట్ల గాలి ఎంత చల్లగా ఉంటుందో రాసుకుంటూ పోయారు.

1919 ఫిబ్రవరిలో ఠాగూర్ అక్కడికి వచ్చారు, పాట పాడి వినిపించారు, ఇంగ్లిషులోకి మార్చి రాశారు, మార్గరెట్ గారు స్వరాలు రాసిపెట్టారు. ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి. జాతీయగీతం బాణీ మదనపల్లెలోనే పుట్టిందని మీ వ్యాసంలోనూ ఉంది, ఊళ్లో వేదికల మీదా చెబుతారు. ఆ పాటను 1911లోనే కలకత్తా కాంగ్రెస్ సభలో పాడారు. సొంత ఊరి గొప్ప కోసం లేనిది కలపనక్కర్లేదు. ఠాగూర్ నోట విన్న పాటను శ్రద్ధగా కాగితం మీద నిలిపిన సంగీతం టీచర్ మన ఊళ్లో ఉండేది, అది చాలదా?

ఆవిడ మదనపల్లెతో ఆగలేదు. మంగళూరులో ఆడపిల్లల జాతీయ పాఠశాలకు మొదటి హెడ్మిస్ట్రెస్. 1917లో మహిళా సంఘం పెట్టినవాళ్లలో ఒకరు. ఆ ఏడాది డిసెంబరులో సరోజినీ నాయుడు గారి వెంట ఆడవాళ్లు భారత వ్యవహారాల బ్రిటిష్ మంత్రి మాంటేగును కలిసి ఓటు అడిగారంటే, ఆ భేటీ కుదిర్చింది మార్గరెట్ గారే. 1921లో మద్రాసు రాష్ట్రంలో ఆస్తి ఉన్న ఆడవాళ్లకు ఓటు వచ్చింది. మన రాయలసీమ, కోస్తా అప్పుడు ఆ రాష్ట్రంలోవే. 1927లో పూనాలో అఖిల భారత మహిళా సభ మొదలైందంటే, అది కూడా ఆడపిల్లల చదువు బాగుచేయాలని ఆవిడ పట్టుబట్టడంతోనే. 1932లో ప్రభుత్వ ఆర్డినెన్సులకు ఎదురు మాట్లాడి వెల్లూరు జైలుకు వెళ్లారు. ఐర్లండులో ఎవరి మీద తిరగబడ్డారో ఇక్కడా వాళ్ల మీదే తిరగబడ్డారు. చివరి ఏళ్లు పక్షవాతంతో గడిపి 1954లో కన్నుమూశారు.

కలకత్తా వాళ్లను చూడండి. సిస్టర్ నివేదిత కూడా ఐర్లండు నుంచి వచ్చిన టీచరే. 1898లో బాగ్‌బజారులో ఆవిడ మొదలుపెట్టిన బడిని ఈనాటికీ నడుపుకుంటున్నారు. మనకు పేరు అచ్చువేయడానికి కూడా తీరిక లేదు.

పత్రికలను మాత్రమే అనడం లేదు. నేను సంగీతం టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. నా తరవాత మా బడిలో ఆ పోస్టు నింపలేదు. అర్జీలు పెట్టాం, పై ఆఫీసులో అడిగితే ఫైలు ఇంకో సెక్షన్లో ఉందంటారు. జెండా వందనం రోజు పిల్లలు పాడరు, పెన్‌డ్రైవ్ పెట్టి మైకులో వేస్తారు. ముఖ్య అతిథిగా వచ్చే అధికారి గంట ఆలస్యంగా వస్తారు, పిల్లలు ఎండలో నిలబడి ఉంటారు. వచ్చాక ఉపన్యాసంలో మదనపల్లె పేరు తప్పకుండా చెబుతారు. మార్గరెట్ పేరు ఒక్కరి నోటా నేను వినలేదు. వాట్సాప్‌లో వచ్చింది చదివేస్తే సరిపోతుందనుకుంటున్నారు. పూర్వం మీ పత్రికలో ఒక తేదీ తప్పు పడితే మర్నాడే సవరణ వచ్చేది. ఆ అలవాటు ఎందుకు పోయిందో నాకు అర్థం కావడం లేదు.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. వ్యాసం వేసిన చోటే ఆవిడ పేరుతో, పుట్టిన దేశం పేరుతో సవరణ వేయండి. ఆవిడ వర్ధంతి మార్చి 11. ఆ రోజుకి ఆవిడ మీద ఒక వ్యాసం వేయండి, ఈసారి కాస్త చదివినవాళ్లతో రాయించండి. విద్యాశాఖ వాళ్లు ఈ ఉత్తరం చదివితే, ఖాళీగా ఉన్న సంగీతం టీచర్ల పోస్టుల ఫైలు ఏ సెక్షన్లో ఉందో కూడా చెప్పాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సంగీతం టీచర్,
మదనపల్లె